జ్ఞానకుమారి నోట పలికిన మాట

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని ఇంటికి రాగానే దేవకుమార్ బిందె మీద మూత తీశాడు. పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచుకున్నాడు. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ఆఖరి చుక్క దాకా తాగేశాడు. మూతి తుడుచుకోకుండానే ఇంకో గ్లాసు ముంచాడు.

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న జ్ఞానకుమారి అలాగే నిలబడిపోయింది. కిడ్నీలు పాడయిన దగ్గర్నుంచీ ఆమె భర్త నీళ్ళను మందులా కొలుచుకుని తాగుతున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు తడిగుడ్డ పెదాల మీద వేసుకుని, వీధి కుళాయి చప్పుడు వినపడకుండా తలుపు వేయించుకునేవాడు.

"ఏటండీ అది! అన్ని నీళ్ళేటి!"

"ఇంకేటే భయం?" అన్నాడు దేవకుమార్. గెడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతున్నాడు. "ప్రభువు నీ నోటంట సెప్పించేడు కదా నేను బాగయిపోయేనని. ఇంక డయాలసిస్సూ లేదు, సూదులూ లేవు. సోమవారం అనకాపల్లి ఎల్లక్కర్లేదు. ఆటో తేవొద్దని సత్యారావుకి సెప్పీ."

జ్ఞానకుమారి నోట పలికిన ఆ మాట ఎక్కడిదో చోడవరం మొత్తం మీద తెలిసింది జ్ఞానకుమారి ఒక్కదానికే. అది ఫిన్లాండు దేశపు భాష. ఆ ఉదయం మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతూ, చెవిలో ఫోను వైరు పెట్టుకుని విన్న పాఠంలోది. రైలెక్కిన ఒకావిడ పక్కనున్న మనిషిని అడుగుతుంది. ఒంకో త్యామ్యా పైక్కా వపా? ఈ సీటు ఖాళీయేనా?

ఆ సంగతి అప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచింది కూడా. కానీ ఆయన మూడో గ్లాసు వెలుగులోకి ఎత్తి పట్టుకుని, నీళ్ళను చూస్తున్నాడు. పెళ్ళిచూపుల్లో తనని కూడా అలా చూడలేదు. నోరు మూసుకుంది.

ఆమెకు ఈ భాషల పిచ్చి ఎప్పటిదంటే, ఒక పాలపొడి డబ్బా నాటిది. వాళ్ళ నాన్న యోబు మిషన్ ఆస్పత్రిలో తోటమాలి. ఖాళీ అయిన విదేశీ డబ్బా ఒకటి బియ్యం పోసుకోవడానికి ఇంటికి తెచ్చాడు. దాని చుట్టూ ఒకే కప్పు బొమ్మ, దాని కింద ఎన్నో రకాల అక్షరాలు.

"నానా, ఇయ్యన్నీ ఏటి?"

"పాలు కలుపుకునే పద్ధతమ్మా."

"పద్ధతొకటే కదా, ఇన్నిసార్లెందుకు రాసేరు?"

"ఇన్ని రకాల మనుషులు తాగుతారు మరి" అన్నాడు యోబు, కాళ్ళకు అంటిన పాదుల మట్టి కడుక్కుంటూ.

ఆ గుంట ఆ డబ్బాను వదల్లేదు. గోరువెచ్చని నీళ్ళు అనే ఒక్క చిన్న సంగతి ఇన్ని నోళ్ళలో ఇన్ని రూపాలు తొడుక్కుంటుందా అని దాని అడుగు పట్టుకుని గుండ్రంగా తిప్పేది. డబ్బా తిరిగేది, లోకం తిరిగేది. బియ్యం గలగలమనేవి.

తర్వాత రేడియో వచ్చింది. షార్ట్‌వేవ్ ముల్లును వెంట్రుక వాసి జరుపుతూ, గరగర మధ్య దొరికిన జర్మన్ పాఠాలు పట్టుకుంది. ఇంటర్ అయ్యాక విశాఖపట్నంలో భాషల కోర్సు ఉందని విని అడిగితే, ఇంట్లో కుట్టు మిషను కొనిచ్చారు. ఆమె ఏడవలేదు. మిషను చప్పుడులో పాఠం వల్లెవేస్తే ఎవరికీ వినపడదని కనిపెట్టింది. ఒక్కో భాషా ఒక్కో కాలంలో వచ్చి ఆమె దగ్గర కూర్చుంది. స్పానిష్ నేర్చుకున్న ఏడాది షుగర్ ఫ్యాక్టరీ గానుగ సీజను పొడుగ్గా సాగి, ఊరంతా చెరకు మడ్డి వాసన. ఇప్పటికీ ఆ భాషలో ఏ మాట తలుచుకున్నా నాలుక మీద తియ్యగా, కొంచెం పులిసినట్టు ఉంటుంది. జపాను భాష ఆమెకు వాన. చెరకు ఆకుల మీద పడే సన్నని, ఆగని వాన.

జాకెట్లు కుట్టించుకునే అచ్చియ్యమ్మ ఒకసారి పట్టేసింది.

"ఒలే జ్ఞానం, ఏటే ఆ గొణుగుడు? నా జాకెట్టుకి చేతబడి సేస్తన్నావా?"

"జపాను బాస పిన్నీ."

"జపానోళ్ళు నీకాడ జాకెట్లు కుట్టించుకుంటారేటే?"

"కుట్టించుకోరు."

"మరెందుకే అంత పాట్లు?"

"ఊరికే" అంది జ్ఞానకుమారి.

"ఊరికేనట! చంకల కాడ బిగుతు సేసేవంటే అప్పుడు సెప్తాను నీ జపాను" అని అచ్చియ్యమ్మ వెళ్ళిపోయింది.

ఊరికే అన్నది నిజమే. ఆమె ఎక్కడికీ పోలేదు. ఏ పరాయి దేశపు మనిషితోనూ మాట్లాడలేదు. ఒక్కసారి అనకాపల్లిలో జరిగిన సువార్త సభలకు స్వీడన్ నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడని తెలిసి, ఆయన భాషలో ఒక వాక్యం సిద్ధం చేసుకుని వరుసలో నిలబడింది. మీ ఊళ్ళో ఇప్పుడు మంచు పడుతోందా అని అడగాలి. వరుస కదిలి కదిలి తన వంతు వచ్చేసరికి ఆ వాక్యం నోటికి రాలేదు. "ప్రైజ్ ద లార్డ్" అని చెయ్యి కలిపి వచ్చేసింది. ఇంటికొచ్చి, మంచు వాక్యాన్ని గోడకు చెప్పింది.

దేవకుమార్ వెక్కిరించేవాడు గానీ ఏనాడూ అడ్డుపడలేదు. అతనిది షేర్ ఆటో, చోడవరం నుంచి కె.కోటపాడు. పిల్లలు లేరు. "మా ఆవిడ ఇంట్లో కూకుని లోకమంతా తిరిగీసింది. నేను రోజంతా తిరిగి కోటపాడు దాటలేదు" అని పాసింజర్లకు చెప్పి నవ్వించేవాడు. ఒక్క మాటైనా నేర్చుకోమని ఆమె బతిమాలితే, "నాకు తెలుగే ఎక్కువ. అదీ సగం బూతులు" అనేవాడు. ఆమెకు లోపల ఒక చిన్న ఆశ ఉండేది. ఎప్పుడో ఒకనాడు, ఏదో ఒక భాషలో, తను ఒక మాట అంటే ఎవరైనా ఇంకో మాట అనాలి. అంతే.

తర్వాత అతని కాళ్ళు వాచాయి. మొహం వాచింది. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతి నరాలు ఆపరేషను చేసి కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు గుయ్యిమంటుంది. చెవి ఆనిస్తే, రెండు స్టేషన్ల మధ్య రేడియో చేసే చప్పుడు. ఆటో స్టీరింగు పక్కింటి సత్యారావు చేతికి వెళ్ళింది. వారానికి రెండుసార్లు అదే ఆటోలో అనకాపల్లి తీసుకెళ్ళి, డయాలసిస్ మిషను దగ్గర పడుకోబెట్టి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఆ ఆస్పత్రి వరండాలో కూర్చోవడానికి జ్ఞానకుమారికి ఒక కొత్త భాష కావలసి వచ్చింది. తెలిసిన భాషలన్నిటినీ మందుల వాసన ముట్టుకుంది. అందుకని చాలా దూరంగా, మంచులో ఉన్న ఫిన్లాండు భాషను ఎంచుకుంది. వచ్చేడు, తెచ్చేడు అన్నప్పుడు మన నోట 'ఏ'కూ 'ఆ'కూ మధ్య సాగే ఆ రాగం ఆ భాషలోనూ ఉందని గమనించి, లోపల మనుషులు రక్తం కడిగించుకుంటున్న చోట, బయట సిమెంటు బల్ల మీద, దొంగలా సంతోషపడింది.

ఇక ఆ శుక్రవారం. వాళ్ళు వెళ్ళే ప్రార్థన మందిరం రేకుల షెడ్డు. అక్కడ ఒక నమ్మకం ఉంది. ఆత్మ దిగినప్పుడు మనిషి తనకే తెలియని అన్యభాషలో ప్రార్థిస్తాడు. ఆ భాషకు అర్థం చెప్పే వరం ఇంకొకరికి ఉంటుంది. ఆ వరం రాజ్యం అమ్మగారిది. తెల్ల చీర, తెల్ల జుట్టు, ఎవరింట్లో జ్వరం వచ్చినా జావ కాచుకుని వెళ్ళే మనిషి. దేవకుమార్‌ను మధ్యలో కూర్చోబెట్టారు. తల మీద చేతులు పెట్టి అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. రేకులు అదిరిపోయే హోరు.

జ్ఞానకుమారికి ప్రార్థన రాలేదు. స్వస్థత, కనికరం, కన్నీళ్ళు అనే మాటలన్నీ ఏడాదిగా వాడి వాడి అరిగిపోయాయి. చేత్తో పట్టుకుంటే జారిపోతున్నాయి. ఇంకా జబ్బు సోకని మాట ఒక్కటైనా కావాలనిపించింది. ఈ హోరులో ఎవరు వింటారులే అనుకుంది. నోటికి ఆ ఉదయపు పాఠం వచ్చింది. ఒంకో త్యామ్యా పైక్కా వపా. ఏడుస్తూ మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. దేవుడా, ఇదొక్కటే శుభ్రంగా ఉంది, ఇదే తీసుకో అన్నట్టు అంది. పక్కవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోవడం ఆమెకు తెలియలేదు. తెలిసేసరికి షెడ్డంతా నిశ్శబ్దం. తన గొంతు ఒక్కటే మిగిలింది. అంతమంది తను మాట్లాడే పరాయి మాట వింటున్నారు. ఆ ఒక్క క్షణం ఆమె సంతోషించింది. తర్వాత తనను తాను క్షమించుకోలేనిది ఆ క్షణాన్నే.

రాజ్యం అమ్మగారు కళ్ళు మూసుకుని అంది: "కుమారుడా, నిన్ను ముట్టేను అంటన్నాడు ప్రభువు. నువ్వు బాగయ్యేవు. భయపడకు."

దేవకుమార్ ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చాడు.

సోమవారం సత్యారావు ఆటో తెచ్చి హారన్ కొట్టాడు. దేవకుమార్ గుమ్మంలోంచే చెయ్యి ఊపాడు. "ఎల్లరా ఎల్లు. కోటపాడు పాసింజర్లున్నారు సూసుకో." మధ్యాహ్నం తనే నడిచి సెంటరుకు వెళ్ళి కొబ్బరిబొండం తాగొచ్చాడు. అది తాగితే గుండె ఆగిపోవచ్చని డాక్టరు చెప్పిన సంగతి ఇద్దరికీ తెలుసు. "ఎంత తియ్యగుందే!" అన్నాడు. ఆమె చేతిలో కత్తెర కింద పెట్టింది.

"ఏవండీ, ఆ మాట ఆత్మది కాదు. నేను నేర్చుకున్నది."

అతను జాలిగా చూశాడు. "నీకు భయమే జ్ఞానా. సైతాను అలాగే అనిపిస్తాది. అమ్మగారు సెప్పేరు కదా అర్థం."

ఇంకా విచిత్రం ఏమిటంటే, అతను ఆ మాట నేర్చేసుకున్నాడు. నీళ్ళు తాగే ముందు అనేవాడు. పడుకునే ముందు అనేవాడు. ఒంకో త్యామ్యా పైక్కా వపా. తెలుగే ఎక్కువన్న మనిషి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. వంటింట్లో ఉన్న జ్ఞానకుమారి ఆ మాట విన్నప్పుడల్లా, పాఠంలో దాని వెనక వచ్చే జవాబు ఆమె గొంతులోకి దానంతటదే లేచేది. పళ్ళు బిగించి మింగేసేది.

గురువారం కూడా వెళ్ళలేదు. మొహం ఉబ్బింది, వేలు నొక్కితే సొట్ట పడి అలాగే ఉంటోంది. ఆమె రాజ్యం అమ్మగారింటికి పరిగెత్తింది. అంతా చెప్పి, కాళ్ళ దగ్గర కూలబడింది. ముసలామె ఆమెను లేవదీసి పక్కన కూర్చోబెట్టుకుంది.

"డయాలసిస్ మానీమని నేను సెప్పలేదు తల్లీ" అంది. "నీ మాట ఏ దేశానిదో నాకేటి తెలుసు? నా గుండెలోకి ఒకటొచ్చింది, సెప్పేను. అది అబద్ధం కాదు. కానీ నీ మొగుడు ఇలా... పద, నేనే వచ్చి సెప్తాను."

వచ్చి చెప్పింది. మందూ దేవుడిదే, మిషనూ దేవుడిదే అని చేతులు పట్టుకుని బతిమాలింది. దేవకుమార్ రొప్పుతూ విన్నాడు. "అమ్మగారూ, మీరు కూడా భయపడితే ఎలాగండి? నా మీద ఒట్టు, నేను భయపడటం లేదు" అన్నాడు. ఆమెకే ధైర్యం చెప్పి పంపించాడు.

మళ్ళీ సోమవారం వచ్చింది, మూడోసారీ వెళ్ళలేదు. ఇప్పుడు పడుకోలేడు, పడుకుంటే ఊపిరాడదు. కుట్టగా మిగిలిన గుడ్డపీలికలు కుక్కిన దిళ్ళు వీపు వెనక పెట్టుకుని కూర్చునే ఉంటున్నాడు. ఛాతీలో నీళ్ళు గురగురమంటున్నాయి. సత్యారావు ఆటో గుమ్మం ముందే ఆపి, ఇంజను కట్టేయకుండా లోపలికొచ్చాడు.

"ఎత్తుకుపోదామా వదినా?"

"ముట్టుకుంటే అరుస్తన్నారు బాబూ. దారిలో దూకేస్తానంటన్నారు."

"మరి నువ్వే సెప్పాల. నీ మాట పట్టుకునే కదా కూకున్నాడు. నా మాట పట్టుకున్నాడా, నీ మాటే."

అతను బయటికి వెళ్ళాడు. ఆటో గుమ్మం ముందు దడదడలాడుతూ ఉంది. జ్ఞానకుమారి ఫోను తీసుకుని మంచం అంచున కూర్చుంది. భర్త కళ్ళు మూసుకుని, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్కగా అదే మాట అనుకుంటున్నాడు. ఒంకో... త్యామ్యా... ఆమె వైరు పీకేసింది. జీవితంలో మొదటిసారి, పాఠాన్ని పైకి వినపడేలా పెట్టింది.

రైలు చప్పుడు. తలుపు జరిగిన చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, తాపీగా, ఏ ఏడుపూ లేకుండా, ఆ మాట అంది.

దేవకుమార్ కళ్ళు తెరిచాడు.

ఒక మగగొంతు జవాబు చెప్పింది. ఓన్. ఇస్తుకా. ఖాళీయే, కూర్చోండి అని. మళ్ళీ మొదటి నుంచీ. రైలు, తలుపు, ఆడగొంతు.

"ఎవరావిడ?"

"పాఠం సెప్పే ఆవిడండీ."

"ఏటంటంది?"

తన నోటితో తను చంపుతున్నానా బతికిస్తున్నానా అన్నది జ్ఞానకుమారికి తెలియలేదు. "ఈ సీటు ఖాళీయేనా అంటంది" అంది.

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు నురగయింది. ఆమె కొంగుతో తుడిచింది.

"సీటు ఖాళీయేనా" అన్నాడు. "నా బతుకంతా అడిగించుకున్న మాటే. పొద్దున్నుంచి రాత్రి దాకా. రండి రండి, ఖాళీయే, సర్దుకోండి..." ఊపిరి కోసం ఆగాడు. "అయితే ఆయన నాతో ఏటీ అన్లేదన్నమాట."

"నాకు తెలీదండీ."

"నీకు తెలీదా? ఆ రోజే తెలుసు కదే. నేను నీళ్ళు తాగతన్నప్పుడే తెలుసు."

ఆమె ఫోనులో పాఠం ఆపేసింది.

"ఇన్ని బాసలొచ్చు నీకు. లోకంలో మాటలన్నీ ఇంట్లో తెచ్చి పోసేవు. మనిషిని నిలబెట్టే మాట ఒక్కటైనా లేదేటే అందులో?"

ఆమె వెతికింది. నిజంగానే వెతికింది. జర్మన్లో వెతికింది, మడ్డి వాసన వేసే స్పానిష్‌లో వెతికింది, వానలాంటి జపాను భాషలో వెతికింది. అన్నిచోట్లా స్టేషన్లున్నాయి, రొట్టెలున్నాయి, గొడుగులున్నాయి, బాగున్నారా అనే పలకరింపులున్నాయి. పాలపొడి డబ్బా చుట్టూ ఎంత తిప్పినా గోరువెచ్చని నీళ్ళే.

"లేదండీ" అంది. "ఆటో ఉంది. లెండి."

అతను లేచాడు. నమ్మి లేచాడనలేం. ఇంక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదని లేచాడు. సత్యారావు ఒక భుజం, ఆమె ఒక భుజం పట్టారు. తన ఆటోలో వెనక సీటులో కూర్చున్నాడు. ఆమె పక్కన ఎక్కబోతుంటే వాచిన చెయ్యి సీటు మీద పెట్టి, మొహం అటు తిప్పుకున్నాడు. ఆ చెయ్యి తియ్యమని ఆమె అడగలేకపోయింది. ముందు సీటులో సత్యారావు పక్కన ఓరగా కూర్చుంది. అనకాపల్లి దాకా చెరకు తోటలు రెండు వైపులా వెనక్కి వెళ్ళిపోయాయి. అద్దంలో అతని మొహం కనపడుతోంది. పెదాలు కదలడం లేదు.

ఆస్పత్రిలో తిట్లు పడ్డాయి. తిట్లు ఆమెకే పడ్డాయి. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఇప్పుడైనా ఈ రెండ్రోజులు గడిస్తే గానీ చెప్పలేమన్నారు. సూదులు గుచ్చారు. మిషను తిరగడం మొదలుపెట్టింది. ఎర్రని గొట్టం అతనిలోంచి వెళ్ళి, ఎర్రగానే అతనిలోకి వస్తోంది.

సాయంత్రానికి లోపలికి రానిచ్చారు. మంచం పక్కన ఒక స్టూలు ఉంది. దాని మీద అతని చొక్కా ఉంది. జ్ఞానకుమారి స్టూలు దగ్గర నిలబడింది. చొక్కా తియ్యాలో వద్దో తెలియలేదు. అతని కళ్ళు మూసి ఉన్నాయి, ఊపిరి కొంచెం నెమ్మదించింది. ఆమె ఎంతసేపు నిలబడిందో, ఆ వరసలో ఉన్న మిషన్లన్నీ ఎంతసేపు తిరిగాయో.

"కూకో" అన్నాడు కళ్ళు తెరవకుండా.

ఆమె చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మాట్టాడకు. ఏ బాసలోనూ వొద్దు."

సూదులు లేని చోటు, మోచేతికి పైన, వేలు ఆనించింది. గుయ్యిమంటోంది. చిన్నగా, తెగిపోతూ, మళ్ళీ అందుతూ. సంచిలో ఫోను ఒకసారి వెలిగి ఆరింది. ఈ రోజు పాఠం ఇంకా పూర్తి కాలేదని అది రోజూ ఈ వేళకు గుర్తుచేస్తుంది. జ్ఞానకుమారి దాన్ని తీయలేదు. పెదాలు గట్టిగా మూసుకుని, ఆ గుయ్యిమనే చప్పుడు ఆగిపోకుండా ఉందా లేదా అని, వేలితో వింటూ కూర్చుంది.